కాళ్లు ఊపిన నేరానికి: రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లోనూ వాటి చుట్టుపక్కలా రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, క్యాంపస్ ఏఓలకు (పరిపాలనాధికారులకు) నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లలో నా పేరు తెలిసినవారు తక్కువ, డ్రిల్లు మాస్టారు అంటే తెలియనివారు తక్కువ. నా మనవడు మీలో ఒకరి క్యాంపస్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఆ క్యాంపస్ పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క క్యాంపస్ తప్పు కాదు కనుకనూ, వాడింకా అక్కడే చదువుకోవాలి కనుకనూ రాయడం లేదు. పిల్లలను రోజంతా కదలనివ్వడం లేదని ఇప్పుడు బహిరంగంగా రాస్తున్న ఈ విషయాన్నే ముందు ఆ క్యాంపస్ ప్రిన్సిపాల్ గారికి రెండు ఉత్తరాలుగా రాశాను. రెండోది స్పీడ్ పోస్టులో పంపాను, అందినట్టు సంతకం కూడా ఉంది. జవాబు రాలేదు. తల్లిదండ్రుల సమావేశంలో లేచి అడిగితే, "మా దగ్గర జిమ్ కూడా ఉంది సార్, చూపించమంటారా" అన్నారు. చూపించమన్నాను. తాళం తీసి చూపించారు. ట్రెడ్‌మిల్ మీద కంపెనీవాళ్లు కప్పి పంపిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

ఫిర్యాదు చిన్నదే. నవంబరులో ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో మా వాడు కాలు ఊపాడు. కావాలని ఊపలేదు, లెక్క చేస్తూ చేస్తూ కుడికాలి మడమ ఎప్పుడు లేచి ఆడడం మొదలుపెట్టిందో వాడికే తెలియదు. నలుగురు కూర్చునే పొడుగు బెంచీ కావడంతో పక్కవాడి నోట్సులో గీత వంకరపోయింది. ఫ్లోర్ ఇన్‌చార్జి గారు డైరీలో రాశారు, గంటన్నరసేపు గోడ పక్కన కదలకుండా నిలబెట్టారు. వారానికి మూడోసారి అని మా అబ్బాయికి ఫోను కూడా వచ్చింది. పక్కవాడికి ఇబ్బంది కలిగిన మాట నిజమే కనుక ఇన్‌చార్జి గారి కోపాన్ని నేను తప్పుపట్టను. నిజానికి ఆ కోపం నాకు బాగా తెలిసిన కోపం. "కాళ్లు ఊపితే ఇంటికి అరిష్టంరా" అని మా నాన్న నా మోకాలి మీద కొట్టాడు, నేను నా కొడుకు మోకాలి మీద కొట్టాను. గ్రౌండులో అయితే "అటెన్షన్! చీమ కుట్టినా కదలకూడదు" అని 31 ఏళ్లు అరిచాను. చెమట పడితేనే వ్యాయామం, విజిల్ ఊదితేనే కదలిక అని నమ్మిన మనిషిని. రిటైరయ్యాక తీరిక దొరికి, ఆ నమ్మకం సగమే నిజమని తెలుసుకున్నాను. ఆ మిగతా సగం గురించే ఈ లేఖ.

మనిషి శరీరం రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో, ఆటలకూ వ్యాయామానికీ పోయే భాగం మనలో చాలామందికి చాలా తక్కువ. నిద్ర, తిండి, వ్యాయామం మినహాయిస్తే మిగిలిన సమస్తం, అంటే లేవడం, వంగడం, నీళ్లు తెచ్చుకోవడం, మెట్లెక్కడం, మాట్లాడుతూ అటూఇటూ పచార్లు చేయడం, చివరికి కూర్చున్నచోటే కాలు ఆడించడం దాకా వేరే ఖాతాలో పడతాయి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పనిచేసిన జేమ్స్ లెవిన్ అనే వైద్య పరిశోధకుడు ఈ ఖాతాకు నాన్ ఎక్సర్‌సైజ్ యాక్టివిటీ థర్మోజెనిసిస్ అని పేరు పెట్టారు. పొడి అక్షరాల్లో పలికితే అది కూడా "నీట్" అవుతుంది. మీ హోర్డింగుల మీద వెలిగే నీట్ వేరు, ఇది వేరు. ఒక నీట్ కోసం రెండో నీట్‌ను పిల్లల ఒంట్లోంచి పూర్తిగా తీసేస్తున్నారన్నదే నా ఆరోపణ మొత్తం.

లెవిన్ బృందం 1999లో ఒక ప్రయోగం చేసింది. పదహారు మందికి ఎనిమిది వారాలపాటు రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు పెట్టారు. అందరికీ అదే అదనపు తిండి, ఎవరికీ అదనపు వ్యాయామం లేదు. తీరా చూస్తే ఒకరికి పెరిగిన కొవ్వు అరకిలో కూడా లేదు, మరొకరికి 4 కిలోలు దాటింది. ఆ తేడాను అన్నిటికంటే బాగా వివరించినది ఈ రెండో నీట్. కొందరి శరీరం అదనపు తిండి పడగానే తనంతట తాను ఎక్కువ కదలడం, ఎక్కువ లేవడం, ఎక్కువ కుదురులేకుండా ఉండడం మొదలుపెట్టింది; వాళ్లు ఆ సంగతి గమనించను కూడా లేదు. అదే బృందం 2005లో సన్నగా ఉన్న పదిమందినీ, కొంచెం లావుగా ఉన్న పదిమందినీ పోల్చి చూసింది. ఇరవైమందిలో ఎవరికీ వ్యాయామం అలవాటు లేదు. అయినా లావుగా ఉన్నవాళ్లు రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువసేపు కూర్చుంటున్నారు. ఆ సమయంలో వాళ్లు కూడా మిగతావారిలాగే తిరిగితే రోజుకు అదనంగా 350 కేలరీల దాకా ఖర్చయ్యేవని లెక్కతేల్చారు.

ఇక కాళ్లు ఊపడం సంగతి. 2000లో వచ్చిన లెవిన్ కొలతల్లో, కదలకుండా పడుకున్నప్పటి ఖర్చుతో పోలిస్తే కదలకుండా కూర్చుంటే పెరిగినది సుమారు 4 శాతం. కూర్చుని కాళ్లూచేతులూ ఆడిస్తే 54 శాతం. కదలకుండా నిలబడితే 13 శాతం. అంటే మా మనవడి విషయంలో తప్పు విలువ 54, దానికి వేసిన శిక్ష విలువ 13. శిక్ష కంటే తప్పే ఆరోగ్యానికి మేలు చేసిన సందర్భం నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి చూడలేదు.

ఇది కేలరీల గొడవ మాత్రమే అయితే ఇంత రాయను. 2016లో మిస్సోరీ విశ్వవిద్యాలయంవారు ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువతీయువకులను మూడు గంటలు కూర్చోబెట్టారు. ఒక కాలిని ఒక నిమిషం ఆడించడం, నాలుగు నిమిషాలు ఆపడం. రెండో కాలిని అసలు కదపకూడదు. మూడు గంటల తర్వాత కదలని కాలిలో మోకాలి వెనుక ధమని వ్యాకోచించే శక్తి తగ్గింది. ఆడించిన కాలిలో తగ్గలేదు సరికదా, మెరుగైంది. ఒకే మనిషికి, ఒకే కుర్చీలో, రెండు కాళ్లకు రెండు ఫలితాలు. కాళ్లలోంచి రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. అది ముడుచుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తం గుండెవైపు కదులుతుంది. పిక్కబలం అనే మాటను మనం పారిపోయేవాళ్లను ఎగతాళి చేయడానికి వాడుకుంటాం కానీ, కుర్చీలో కూర్చున్నవాడికి కూడా దానితో పని ఉంది.

కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం నుంచి 2011లో వచ్చిన అధ్యయనం దీనికి ఇంకా దగ్గరగా ఉంటుంది. వ్యాయామం అలవాటు లేని, పొట్ట పెరిగిన స్త్రీపురుషులకు కదలికను కొలిచే పరికరం కట్టి, తర్వాత ట్రెడ్‌మిల్ మీద వాళ్ల గుండె, ఊపిరితిత్తుల దమ్ము పరీక్షించారు. రోజువారీ పనుల్లో అక్కడో నిమిషం ఇక్కడో నిమిషంగా, కొంచెం చురుగ్గా కదిలినవాళ్ల దమ్ము మిగతావారికంటే మెరుగ్గా ఉంది. వాళ్లలో ఎవరూ అది వ్యాయామమని అనుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలకు ఒక విడత కనీసం 10 నిమిషాలు ఉంటేనే లెక్క అనే పాత నిబంధనను 2020 మార్గదర్శకాల్లో తీసేసింది.

ఈ విద్యకు మూలపురుషుడిలాంటి జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడి పరిశోధన 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసే డ్రైవర్లకూ కండక్టర్లకూ ఒకే డిపో, ఒకే క్యాంటీన్, దాదాపు ఒకే వర్గం నేపథ్యం. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు; కండక్టరు పై అంతస్తుకూ కింది అంతస్తుకూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనబడింది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, అంత తీవ్రంగా రాలేదు. డ్రైవర్లుగా చేరేవాళ్లు మొదటినుంచే కాస్త లావేమోనని యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా ఆయన తర్వాత పరిశీలించారు, ఆ తేడా కొంత నిజమేనని ఒప్పుకున్నారు కూడా. అయినా ఆ పరిశోధన ఈనాటికీ నిలబడే ఉంది. మీ క్యాంపస్‌లో సాయంత్రం స్టడీ అవర్‌కు వెళ్లి చూస్తే నాకు ఆ బస్సే గుర్తుకొస్తుంది. బెంచీల మధ్య గంటలకొద్దీ అటూఇటూ తిరిగే ఫ్లోర్ ఇన్‌చార్జి ఒక్కరే కండక్టరు. మూడువందల మంది పిల్లలూ డ్రైవర్లే.

ఇప్పుడు మా వాడి రోజు చెబుతాను. ఉదయం 6 నుంచి 7.30 దాకా స్టడీ, 8.30 నుంచి 1 గంట దాకా క్లాసులు, 2 నుంచి 5.30 దాకా మళ్లీ క్లాసులు, 6.30 నుంచి 8.30 దాకా, 9.15 నుంచి 10.45 దాకా స్టడీ. కూడి చూడండి, సరిగ్గా 13 గంటలు. హాస్టలు, తరగతులు, మెస్సు అన్నీ ఒకే భవనంలో. మెట్ల దగ్గర ప్రతి అంతస్తుకూ చానెల్ గేటు, దానికి తాళం. బెల్లు కొట్టినప్పుడు తీసి లైనుగా దింపుతారు. నీళ్లు క్లాసులోకే క్యాన్లలో వస్తాయి. బట్టలు ధోబీ తీసుకెళతాడు. ఫ్యాను స్విచ్చి కూడా ఇన్‌చార్జి గారే వేయాలి. వీటిలో చాలావరకు "సౌకర్యాలు" అని మీ బ్రోచరులో రాశారు. మా కోడలు వాటిని చూసే సంతోషపడి చేర్పించింది.

క్యాంపస్‌లో ఫోను ఉండదు కనుక, ఒక గురువారం అడుగులు నోటితో లెక్కపెట్టమన్నాను. ఫిజిక్స్ రఫ్ నోట్సు చివరి పేజీలో పెన్సిలుతో రాసుకొచ్చాడు: మంచం నుంచి బాత్రూముకు 22, గది నుంచి మెస్సుకు 148, ఇలా. కింద కూడిక 1,912. సంక్రాంతి సెలవులకు ప్రత్తిపాడు వైపు మా వియ్యంకుడి ఊరు వెళ్లినప్పుడు వాళ్ల నాన్న ఫోను జేబులో వేసుకుని తిరిగాడు. భోగి రోజున ఆ ఫోను చూపించినది 12,640. ఆ రోజు వాడు ఆడింది లేదు, పరుగెత్తింది లేదు. భోగిమంటకు కట్టెలు మోశాడు, బోరింగు దగ్గరకు నాలుగుసార్లు వెళ్లాడు, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని లేచి, లేచి కూర్చున్నాడు, బంధువుల ఇళ్లన్నీ తిరిగాడు. తిరిగొస్తూ మంగళగిరిలో ఆగి కొండ మీది పానకాల స్వామి దగ్గరకు మెట్లెక్కాం. పదహారేళ్లవాడు మూడుచోట్ల కూర్చుండిపోయాడు. అరవైయేడేళ్ల నేను పై మెట్టు మీద నిలబడి ఎదురుచూశాను. గర్వపడవలసిన విషయం కాదది.

ఇందువల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్న నష్టాలను నా అనుభవంలో చూసినంతవరకు రాస్తున్నాను.

1. పిల్లలు రెండేళ్లలో నడుము చుట్టుకొలత పెంచుకుని వస్తున్నారు. మా వీధిలోనే ముగ్గురు, మా బంధువుల్లో ఇద్దరు. "హాస్టలు తిండి" అని తల్లులు నిందిస్తారు కానీ, తిండి కంటే పెద్ద మార్పు వచ్చింది కదలికలో. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత ఆస్తి గురించి చెప్పినది, ఒంటి గురించి కాదు.

2. భోజనం చేసి వెంటనే మూడున్నర గంటలు కూర్చోవడం మన తిండికి అసలు పనికిరాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో బరువెక్కువున్న 45 నుంచి 65 ఏళ్లవారి మీద చేసిన పరిశీలనలో, ప్రతి 20 నిమిషాలకు 2 నిమిషాలు మెల్లగా నడిచినా, ఆహారం తర్వాత రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు 24 శాతం తగ్గింది. వాళ్ల వయసు వేరు, మన పిల్లల వయసు వేరు. ఆ అంకెను పిల్లలకు అంటగట్టను. కానీ దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. తెల్లన్నం తినే ఇళ్లలో, తాతకూ తండ్రికీ షుగరున్న ఇళ్లలో పుట్టిన పిల్లలను మనం పదహారో ఏటి నుంచే కుర్చీకి అలవాటు చేస్తున్నాం.

3. నడుము నొప్పి, మెడ నొప్పి అని పదిహేడేళ్లకే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే ఖర్చు తల్లిదండ్రులది. పల్నాటి మిరప రైతు ఎకరం మీద అప్పు తెచ్చి ఫీజు కడతాడు. స్కాను ఖర్చు ఆ ఫీజు రసీదులో లేదు.

4. ఆడపిల్లల క్యాంపస్‌లలో పరిస్థితి ఇంకా ఇరుకు. భద్రత పేరుతో వరండాలోకి కూడా రానివ్వని చోట్లు ఉన్నాయని తల్లులే చెప్పారు. సమావేశంలో ఒకావిడ లేచి, "మా అమ్మాయి ఇంటికొస్తే మంచం దిగడం లేదు సార్, అలవాటు పోయింది" అన్నది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

5. కదలిక ఒక అలవాటు. తెలియకుండా పట్టుబడుతుంది, తెలియకుండానే పోతుంది. కాలు ఊపితే డైరీలో రాత, లేచి నిలబడితే ప్రశ్న, నీళ్లకు వెళతానంటే అనుమానం. రెండేళ్లపాటు ఒంటికి ఇలా చెప్పాక, ఆ ఒళ్లు ఇంజనీరింగ్‌లోనూ ఉద్యోగంలోనూ అదే కుదురుతో కూర్చుంటుంది. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 లెక్క. ఆ లెక్కలో మీ క్యాంపస్‌లను ప్రత్యేకంగా కొలిస్తే ఎంత వస్తుందో మీరే ఊహించండి.

మీవైపు మాట కూడా విన్నాను. ర్యాంకుల పోటీలో నిమిషం కూడా విలువైనదని డీన్ గారు అన్నారు. గంటకు 2 నిమిషాల చొప్పున లేపితే 13 గంటలకు 26 నిమిషాలు. ఉదయం లైనులో నిలబెట్టి తలలు లెక్కపెట్టడానికే మీకు 20 నిమిషాలు పడుతోంది. పైగా ఆ 26 నిమిషాలు చదువు పోయే నిమిషాలని ఎవరన్నారు? మన తెలుగు పిల్లలు తరతరాలుగా తెల్లవారుజామున డాబా మీద పుస్తకం పట్టుకుని ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడ దాకా తిరుగుతూ కంఠతా పట్టినవాళ్లు. పద్యాలు, పీరియాడిక్ టేబులు, ఎక్కాలు అన్నీ నడకలోనే ఎక్కాయి. వేసవిలో బెజవాడ ఎండకు మధ్యాహ్నం ఎవరూ బయట తిరగలేరన్న మాట ఒప్పుకుంటాను. వరండాలకు ఎండ రాదు కదా. ఇప్పుడు మీ డాబా మీద జనరేటరూ నీళ్ల ట్యాంకులూ మాత్రమే ఉన్నాయి, తలుపుకు తాళం ఉంది. పిల్లలు దూకేస్తారన్న భయంతో వేసిన తాళమని నాకు తెలుసు, ఆ భయం అకారణమనీ అనను. గ్రిల్లు ఎత్తుగా పెట్టించండి, మనిషిని కాపలా ఉంచండి. తాళంతోనే సరిపెట్టకండి.

ఇంకొక మాట. రోజూ ఆడుకోనివ్వకుండా, "కాలు ఊపుకోనిస్తున్నాం కదా" అని దీన్ని సాకుగా చేసుకుంటారేమోనన్న అనుమానం నాకు ఉంది. ఆ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టే ఆట కావాలి, అది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చిన్న కదలికలు దానికి బదులు కావు. గంట ఆడినవాడు మిగతా 13 గంటలూ శిలలా కూర్చున్నా ఫరవాలేదనుకోవడం ఎంత తప్పో, చిన్న కదలికలతోనే ఆటను సరిపెట్టడమూ అంతే తప్పు. జూన్ 21న అందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి తీసే యోగా ఫొటో మాత్రం ఈ రెంటిలో దేనికీ చెందదు.

కనుక నా కోరికలు ఇవి. వీటిలో ఒకటి రెండింటికి తప్ప వేటికీ డబ్బు ఖర్చు లేదు.

1. కాళ్లు ఊపడం, బెంచీలో అటూఇటూ సర్దుకోవడం, నిలబడి రాసుకోవడం వంటివాటిని క్రమశిక్షణ తప్పులుగా డైరీలో రాయడం వెంటనే మానండి. బెంచీ ఊగి పక్కవాడికి ఇబ్బంది అయితే బెంచీ మార్చండి. విడివిడి కుర్చీలూ బల్లలూ వేయండి. కొత్త బ్లాకులు కట్టేటప్పుడైనా ఈ మాట గుర్తుంచుకోండి.

2. మెట్ల గేట్లు ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకా తీసి ఉంచండి. మిగతా సమయంలో కూడా లోపలినుంచి తెరుచుకునేలా ఉండాలి. ఇది కదలిక కోసమే కాదు. అగ్నిప్రమాదం జరిగిన రోజు ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతుక్కునే వ్యవధి ఉండదు. కాళ్లు బాగాలేనివారికి, జ్వరమొచ్చినవారికి తప్ప పిల్లలకు లిఫ్టు అవసరం లేదు. ప్రిన్సిపాల్ గారూ ఏఓ గారూ మెట్లెక్కితే పిల్లలు చూస్తారు.

3. ప్రతి గంటకూ 2 నిమిషాల బెల్లు కొట్టండి. దయచేసి దీన్ని డ్రిల్లు చేయకండి. లైను వద్దు, విజిల్ వద్దు, ఒకటి రెండు మూడు వద్దు. లేవనివ్వండి, కిటికీ దాకా నడవనివ్వండి, పక్కవాడితో రెండు మాటలు మాట్లాడనివ్వండి. విజిల్ ఊది బతికిన మనిషి విజిల్ వద్దంటున్నాడంటే కారణం ఉందని నమ్మండి.

4. నీళ్ల క్యాన్లు క్లాసులోంచి తీసి వరండా చివర పెట్టండి. తిన్న పళ్లెం వాళ్లనే కడగనివ్వండి. గది ఊడవడం, పక్క సర్దడం, ఉతికిన బట్టలు కింది నుంచి తెచ్చుకోవడం వాళ్లకే వదిలేయండి. ఇది శిక్షగా కాదు, వంతుగా కూడా కాదు. ఎవరి పని వాళ్లు. తల్లిదండ్రులు "మా పిల్లాడితో పళ్లెం కడిగిస్తారా" అని గొడవకొస్తే ఈ లేఖ చూపించండి.

5. ప్రతి స్టడీ హాలులో వెనకవైపు గోడకు ఛాతీ ఎత్తున ఒక పొడుగు చెక్క బిగించండి. నిలబడి చదవాలనిపించినవాళ్లు అక్కడికి వెళతారు. ఉదయం స్టడీలో కంఠతా పట్టే సబ్జెక్టులకు వరండాలో తిరుగుతూ చదవడానికి అనుమతించండి. అయిదుగురితో మొదలుపెట్టి చూడండి.

6. సాయంత్రం ఆట గంటను వీకెండ్ టెస్టు కోసమో, రివిజన్ కోసమో ఎత్తేయకండి. జిమ్ తాళంచెవి పిల్లల చేతికివ్వండి. లేదంటే జిమ్ ఉందని బ్రోచరులో వేయకండి.

7. చేరినప్పుడూ, ప్రతి ఆరు నెలలకూ పిల్లల ఎత్తు, బరువు, నడుము కొలత తీసి మార్కుల షీటుతో పాటు తల్లిదండ్రులకే విడిగా పంపండి. నోటీసు బోర్డు మీద పెట్టవద్దు. మార్కులు ఎంత పెరిగాయో తెలిసినట్టే, ఇంకేం పెరిగాయో కూడా ఇంటివారికి తెలియాలి.

ఇంటర్మీడియట్ విద్యామండలి అధికారులకు ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. తనిఖీలకు వచ్చే అధికారులు రికార్డులతో పాటు మూడు విషయాలు కళ్లతో చూడాలని మనవి: మెట్ల గేటుకు తాళం ఉందా, పిల్లవాడు వరసగా ఎంతసేపు లేవకుండా కూర్చుంటున్నాడు, క్రమశిక్షణ డైరీలో రాసిన తప్పులు ఏమిటి. మూడోది చదివితే మిగతా రెండూ వాటంతటవే తెలుస్తాయి. బెంజి సర్కిల్ నుంచి పోరంకి దాకా, గుంటూరులో లక్ష్మీపురం నుంచి గోరంట్ల దాకా ఏ భవనంలో మొదలుపెట్టినా సరే.

ఇందులో మూడో కోరికనూ, మొదటి కోరికలో డైరీ సంగతినీ రేపటి నుంచే అమలు చేయవచ్చు. గేట్ల విషయం వారంలో తేల్చవచ్చు. చెక్కలకూ కుర్చీలకూ వచ్చే విద్యాసంవత్సరం దాకా ఆగగలను. ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే ఎందుకు చేయరో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. నా రెండు ఉత్తరాల మీదా చిరునామా ఉంది.

వచ్చే నెల రెండో ఆదివారం తల్లిదండ్రుల సమావేశానికి మళ్లీ వస్తాను. ఏఓ గారి గది నాలుగో అంతస్తులో ఉంది. కిందటిసారి వాచ్‌మన్ మర్యాదగా లిఫ్టు ఎక్కించాడు. ఈసారి మెట్ల మీదుగా, మా మనవడితో కలిసి రావాలనుకుంటున్నాను. ఆ గంటసేపయినా గేటు తాళం తీయించి ఉంచగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
గుంటూరు.